అనువా, అలవా, అళివా? వేమన పాదంలో రెండో అక్షరం

స్వర్ణముఖి:
అందరికీ నమస్కారం. మూణ్ణెల్లుగా ఉద్యోగం మీద తైపేలో ఉన్నా. శని ఆదివారాల్లో తంసుయ్‌లో కాలు పెట్టలేవని ఆఫీసులో చెప్తే మొన్న బుధవారం సెలవు పెట్టి వెళ్ళొచ్చా. తైపే మెట్రో ఎర్ర లైనుకి చిట్టచివరి స్టేషను, నలభై నిమిషాల దారి. పేరుకి న్యూ తైపే నగరంలో భాగమే గానీ పొద్దున తొమ్మిదింటికి పాత బజారులో సగం షట్టర్లు దించే ఉన్నాయి.

స్టేషను దాటితే ఏటి గట్టు. గట్టు మీద నలుగురు ముసలాళ్ళు గేలాలు వేసుకుని, ఒకరితో ఒకరు పలక్కుండా కూచున్నారు. అవతలి ఒడ్డున గ్వాన్‌యిన్ కొండ, 616 మీటర్లు. గ్వాన్‌యిన్ దేవత వెల్లకిలా పడుకున్నట్టు ఉంటుందని ఆ పేరట. నాకు నుదురు, ముక్కు దొరికాయి, గడ్డం దొరకలేదు. పోటు ఆగి ఆటు మొదలవబోయే వేళ. నీళ్ళు ఎటూ పోకుండా కాసేపు నిలబడ్డాయి. కొండకి కొండ తలకిందులుగా ఏట్లో దిగింది. అంతలో అవతల బాలీ రేవుకి పోయే పడవ వచ్చి దాన్ని ముక్కలు చేసి పోయింది.

అప్పుడు నోటికొచ్చింది మా తాత పద్యం: "అళివిగాని చోట నధికుల మనరాదు..." పైకే అన్నా. అని ఆగిపోయా. పుస్తకాల్లో "అనువుగాని చోట" కదా? మా తాత "అళివి" అనే అన్నాడని మాత్రం నా చెవి ఒట్టేసి చెప్తోంది. మా ఊరు స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి రెండు మైళ్ళు, ఆ చోటునే మేం అళివి అంటాం. అంచేత చిన్నప్పుడు నాకు తెలిసిన భావం ఇది: అళివి కాని చోట గొప్పలు పోకూడదు, అళివి దగ్గరైతే పోవచ్చు. చాలా ఏళ్ళు అట్లాగే నమ్మా.

ఇంతకీ అళివికి దగ్గరగా వినపడే "అలవిగాని చోట" అనే పాఠం ఎక్కడైనా ఉందా, లేక అళివి మా తాత సొంతమా?

గణవిభజన:
ముందు ఛందస్సుని అడుగుదాం. అనువు, అలవి, అళివి, మూడూ మూడేసి లఘువులే, న గణం. ఆటవెలది మొదట్లో సూర్యగణం కావాలి, దేనికది సరిపోయింది. యతి "అధికుల"లోని అకారంతో. మూడింటికీ తలకాయ అకారమే. ఆటవెలదికి ప్రాస లేదు. ఇదే కందం అయ్యుంటే రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ పట్టుబడేది. కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

ఇక అర్థం. అనువు చోటుకి పొసగుతుంది, అలవి పనికి పొసగుతుంది. "అలవికాని పని" అంటాం, "అలవికాని చోటు" అనం. అనువే సరి. చర్చ ఇక్కడితో ముగించొచ్చు.

అనంతపురం చింత:
ముగించేకి మీరెవరు సార్? అలివిగాని అప్పు అంటాము, అలివిగాని మనిషి అంటాము, పేపరోళ్ళు రోజూ "అలవికాని హామీలు" అని రాస్తాండారు. చోటుకి మాత్రం కుదరదా? ఇంకో సంగతి. వేమన తాళాకులు ముందరేసుకొని రాసిన కవి కాదు. నోట్లోంచి నోట్లోకి వచ్చిన పద్యాలు. బ్రౌన్ దొర 1829లో అచ్చేసింది కూడా దొరికిన రాతప్రతులన్నీ ఒకచోట పెట్టి తనకు నచ్చింది ఏరుకొని. వేమనకు "సరైన పాఠం" అనేదే ఉండదు. కదిరి కాడ కటారుపల్లికి పోయి సమాధి దగ్గర కూచోండి, తెలిసొస్తాది.

గణవిభజన:
పాఠం ఉండదంటే ఏదైనా పద్యమే అవుతుంది చింత గారూ. బ్రౌన్ ఏరుకున్నాడంటే ఏరడానికి తూకం ఉందనేగా.

కళింగపట్నం కెరటం:
మా కాడ ఏరు సముద్రంలో కలిసీ దాన్ని మొగ అంతారండి. అళివి అనరు. అలివి అంతే మాకు వల. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల, అలివి వల. పడవ మీద వల దింపుకుని చుట్టు తిరిగొచ్చి, రెండు తాళ్ళూ ఒడ్డున రెండు జట్లకి ఇస్తారు. అటొక వరస, ఇటొక వరస, మడమలు ఇసకలో దిగేసి లాగడమే. మీ తాతగారు వేటకెళ్ళీవారా? వేటకెళ్ళినోళ్ళయితే "అలివి గాని చోట" అంతే వల వెయ్యడానికి పనికిరాని చోటని కూడా వస్తది. బాగానే ఉంది గదేటి!

స్వర్ణముఖి:
వేటకి కాదండీ, బడిపంతులు. కానీ మీ అర్థం నాకు భలే నచ్చింది.

ళ కోసం ప్రాణం:
ఆలస్యంగా వచ్చాను. ఇక్కడ రెండు వేర్వేరు మాటలు ఒకే గుంటలో పడ్డాయి, విడదీద్దాం.

ఒకటి అలవి. తమిళంలో అళవు, కన్నడంలో అళవు, అళవి. కొలత, శక్తి అని అర్థం. చుట్టాలందరికీ ళ ఉండి మనకొక్కరికే ల ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత శాసనాల్లో ళ ఉన్న చోట తర్వాతి రాతల్లో ల కనపడటం మామూలే. కనక తాతగారు ళ పలికితే అది తప్పు కాదు, మనకంటే పాత ఉచ్చారణ.

రెండోది ఏటి ముఖం, అళివి. కన్నడంలో అళివె, మలయాళంలో అళి, అళిముఖం. ఇందులో ఉన్న ళ వేరు: "తమిళ్" అనే మాట చివర వాళ్ళు నాలుక మడిచి పలికే అక్షరం ఉంది చూశారా, అది. ఆ అక్షరం మనకు డ అయి వస్తుంది. వాళ్ళ కోళి మన కోడి, వాళ్ళ ఏళు మన ఏడు. ఆ లెక్కన ఇది తెలుగులో "అడివి" కావాలి. కాలేదు. అంటే ఇంటిమాట కాదు, నెల్లూరు దక్షిణపు రేవుల్లో తమిళ పడవల మీద దిగిన అరువు మాట. కళింగపట్నం వారికి తెలియకపోవడమే నాకు సాక్ష్యం.

స్వర్ణముఖి:
అడివి అయ్యే ఉందేమోనండీ! తంసుయ్‌కి ముందు స్టేషను హోంగ్‌షూలిన్. ఎర్ర చెట్ల అడవి అని అర్థం, అదే వాళ్ళు మడ అడవికి పెట్టుకున్న పేరు. బండి కిటికీలోంచే కనపడుతుంది. దిగి చూస్తే ఒక్కో కొమ్మకీ పచ్చటి పెన్సిళ్ళు వేలాడుతున్నాయి. కాయ అనుకున్నా. కాదు, విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి అంత పొడుగు సాగుతుంది. తెగి పడితే బురదలో నిటారుగా గుచ్చుకుంటుంది. పక్కనే ఒంటి డెక్క పెద్దగా ఉన్న చిన్న పీతలు, దాన్ని ఊపుతూ ఎవర్నో రమ్మంటున్నట్టు. కోరింగ వెళ్ళినవాళ్ళకి కొత్తేమీ కాదు గానీ మెట్రో స్టేషను పక్కనే ఉండటం నాకు వింత.

ళ కోసం ప్రాణం:
అడవి సంస్కృతపు అటవి. సరదాకైనా అలా కలపకండి, రేపు దాన్ని ఎవరో ఒకరు నిజమని పంచుతారు.

గణవిభజన:
మీ సూత్రం అంత గట్టిదేం కాదు. వాళ్ళ పుళు మన పురుగు, వాళ్ళ కీళ్ మన క్రింద. డ ఏదీ?

ళ కోసం ప్రాణం:
ర కూడా వస్తుంది, ఒప్పుకుంటా. ళ మాత్రం రాదు. నా వాదానికి అంతే చాలు.

అన్నిటికీ లెక్క:
మీరంతా మొదటి పాదం పట్టుకున్నారు, అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. "కొండ యద్దమందు కొంచెమై యుండదా." ఉండదు. సమతలంగా ఉన్న అద్దంలో ప్రతిబింబం వస్తువంతే ఉంటుంది. కొండ చిన్నగా కనపడేది దూరం వల్ల, అద్దం వల్ల కాదు. స్వర్ణముఖి గారు చూసిన ఏట్లో కొండ కూడా పైనున్న కొండంతే కదా?

అనంతపురం చింత:
వేమన ఇంజినీరింగ్ సీటు కోసం రాయలేదు స్వామీ. అరచేతిలో అద్దం పట్టుకొని కొండకు చూపించు. కొండంతా అందులోకి వస్తాది. అద్దం పెరగదు, కొండ తరగదు. ఎవరి పెద్దరికం వాళ్ళ దగ్గరే ఉంటాది, ఆ తావులో మాత్రం ఒదిగి ఉండాల. ఇంత మాటను మూడు గుక్కల్లో చెప్పినోడు ఇంకెవరన్నా ఉంటే చూపించండి. మిగతా కవులకు ఇదే చెప్పేకి ఒక సీసము, కింద ఒక తేటగీతి కావాల.

అన్నిటికీ లెక్క:
ఒప్పుకున్నా. అయినా "అద్దమందు" అనడం కంటే "నీటియందు" అనుంటే...

గణవిభజన:
యతి పోదు, గణాలూ చెడవు, పద్యం మాత్రం పోతుంది. నీళ్ళు ఎవరి చేతిలోనూ పట్టవు. అద్దమే ఉండాలి.

అనంతపురం చింత:
ఈ పొద్దుకు మీరు ఒక్క మంచిమాట చెప్పినారు.

బందరు లడ్డు:
తంసుయ్‌లో డచ్చివాళ్ళ కోట ఉందని ఎక్కడో చదివాను, చూశారా? మాది బందరు. డచ్చివాళ్ళు 1600ల మొదట్లోనే మా రేవులో దిగారు. వాళ్ళని వలందాలనేవాళ్ళు. వలందపాలెం ఇప్పటికీ ఉంది, వాళ్ళ సమాధులూ ఉన్నాయి.

స్వర్ణముఖి:
చూశానండీ, గట్టు వెంట అరగంట నడిస్తే మిట్ట మీద. మొదట 1628లో స్పెయిన్ వాళ్ళు శాన్ డొమింగో అని కట్టారు. తర్వాత డచ్చివాళ్ళు వచ్చి 1644లో దిట్టంగా మళ్ళీ కట్టారు. ఇప్పుడు నిలబడి ఉన్నది అదే, చదరంగా, ఎర్ర రంగు వేసి. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు అద్దెకు తీసుకుని కాన్సలేటు పెట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని ఎర్రజుట్టోళ్ళ కోట అంటారు.

బందరు లడ్డు:
చూడండి! మీ బందరు వాళ్ళు... అదే మా బందరు వాళ్ళు, దేశం పేరు అడిగి తెలుసుకుని హాలెండు నుంచి వలందా చేశారు. వాళ్ళు అడక్కుండా జుట్టు చూసి పెట్టేశారు. ఒకే కంపెనీ ఓడలు రెండు చోట్లకీ. మర్యాద ఎక్కడుందో మీరే చెప్పండి.

కళింగపట్నం కెరటం:
మేమూ తెల్లోళ్ళు అనేశాం గదండీ. చర్మం చూసి పెట్టినాం. జుట్టే నయం.

ళ కోసం ప్రాణం:
తంసుయ్ అంటే ఏమిటి?

స్వర్ణముఖి:
బోర్డు మీద తంసుయ్, బండిలో చైనీసు ప్రకటన మాత్రం దాన్‌ష్వే అని. ఉప్పులేని నీరు అని అర్థం చెప్పాడు మా ఆఫీసు కుర్రాడు. ఏరు ఉప్పుతో కలిసే చోట ఉన్న ఊరికి ఉప్పులేని నీరు అని పేరు! మొదటి అక్షరాన్ని వాళ్ళు ఉప్పు తగ్గిన కూరకీ వాడతారట. మరి దీన్ని తెలుగులో మంచినీళ్ళు అనాలా, చప్పనీళ్ళు అనాలా?

గణవిభజన:
చప్పన అంటే నింద. ఏ ఊరైనా తనని తాను చప్పనీళ్ళు అనుకుంటుందా? మంచినీళ్ళు.

అనంతపురం చింత:
మంచినీళ్ళంటే తాగేవి. ఏట్లో నీళ్ళు తాగుతారా ఆడ? మాకైతే ఏ నీళ్ళయినా మంచినీళ్ళే, రానీ ముందు.

కళింగపట్నం కెరటం:
రొయ్యల చెరువుల కాడ అడిగితే సెలినిటీ ఎంతుందీ అంతారు. ఉప్పూ లేదు, చప్పా లేదు.

గణవిభజన:
అనువు దగ్గరికి రండి. స్వర్ణముఖి గారూ, మీ తాతగారి నోట విన్న మరొకరు ఇంట్లో ఉన్నారా? పాఠనిర్ణయానికి రెండో సాక్షి కావాలి.

స్వర్ణముఖి:
మా చిన్నత్త ఉంది, గూడూరులో. ఇప్పుడే ఫోన్ చేస్తా. ఇక్కడ రాత్రి పదకొండు, అక్కడ ఎనిమిదిన్నర.

స్వర్ణముఖి:
చేశా. అడగ్గానే నవ్వింది. "అళివీ కాదు, గిళివీ కాదురా. మా నాయన బళ్ళో చెప్పేటప్పుడు అనువుగాని చోట అనే చెప్పేవాడు. ఇంట్లో మా పెదనాయనతో పొలం గొడవ వచ్చినప్పుడల్లా మాత్రం అదనుగాని చోట అనేవాడు. నువ్వు అప్పుడు అరుగు మీద పడుకునుంటివి, సగం నిద్రలో ఏం విన్నావో" అంది. అళివి నాకెలా వినపడిందో ఆవిడకీ తెలీదు. పద్యం చెప్పవా అత్తా అంటే మొత్తం చెప్పి, చివర్న, అన్నం తిన్నావా అని అడిగింది.

గణవిభజన:
అదను. మూడు లఘువులు. యతి కుదిరింది. ఖర్మ.

పైగా అదను కాలానికి చెందిన మాట. చోటుతో ఎలా కలుస్తుంది?

అనంతపురం చింత:
కలుస్తాది. చోటంటే తావొక్కటే కాదు, సందర్భం కూడా. విత్తనానికి అదను తెలిసినోళ్ళకు ఇది చెప్పే పనే లేదు. పొలం గొడవలో అదను అన్నాడంటే ఆ పంతులు మామూలోడు కాదు, ఇంట్లోకొక పాఠం బళ్ళోకొక పాఠం పెట్టుకున్నాడు. వేమన వింటే ఎత్తుకొని ముద్దు పెట్టుకునేవాడు.

గణవిభజన:
రైతు అదను వేరు, పద్యంలో అదను వేరు. కవుల ప్రయోగాలు తీసుకురండి, ఒక్కటైనా, చోటు పక్కన.

బందరు లడ్డు:
ఆ కోటకి టిక్కెట్టు ఎంతండీ?

స్వర్ణముఖి:
80 తైవాన్ డాలర్లు. అదే టిక్కెట్టు మీద పక్కన కాన్సలు ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లు కూడా చూడొచ్చు. దాని వరండా అచ్చం మన కలెక్టరు బంగళా వరండాలా ఉంది.

ళ కోసం ప్రాణం:
అదనులో ళ లేదు. నేను తప్పుకుంటున్నా.