అప్‌డేట్: మోడల్ ఎ బ్రేకులు పట్టాయండీ

మా తాతగారి 1930 ఫోర్డ్ మోడల్ ఎ బ్రేకు తొక్కితే ఎడమకి లాగేస్తోంది, పెడల్ కిందిదాకా వెళ్లినా పట్టట్లేదు అని అడిగాను కదా. చాలామంది హైడ్రాలిక్‌కి (ఆయిల్ ఒత్తిడితో పట్టే బ్రేకులకి) మార్చెయ్యమన్నారు. మార్చలేదు.

ఈ బండిలో ఆయిల్ పైపులుండవు, పెడల్ నుంచి నాలుగు చక్రాలకీ ఇనప రాడ్లే. రాడ్లు బాగానే ఉన్నాయి, అరిగింది పిన్నులు. ఒక్కో జాయింట్‌లో ఉన్న కొంచెం లూజు అంతా కలిసి పెడల్ తొక్కుడు మొత్తం మింగేస్తోంది. పైగా కోనసీమ తేమ, పెడల్ కదలికని రాడ్లకి అందించే అడ్డ ఇరుసు, అదే క్రాస్ షాఫ్ట్, తుప్పుతో బిగుసుకుపోయింది. పాలకొల్లులో లేత్ మేస్త్రి అరిగిన కంతలకి బుష్షులు (లోపల తొడిగే చిన్న గొట్టాలు) వేసి కొత్త పిన్నులు చేసిచ్చాడు. గుండ్రం తప్పిన చక్రాల బ్రేకు డ్రమ్ములు కూడా లేత్ మీద చెక్కి గుండ్రం చేసి, డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే లైనింగ్ కొత్తది రివిట్ కొట్టాడు.

రాడ్లు కురచ చేసి బిగించమన్నవాళ్లకి ఒక మాట: వద్దు. లివర్ల కోణం మారిపోతుంది. చక్రం దగ్గరున్న వెడ్జ్‌తోనే (లైనింగ్‌ని డ్రమ్ముకి దగ్గరగా, దూరంగా జరిపే చీల) సర్దాలి.

నిన్న చించినాడ వంతెన దిగుతూ తొక్కి చూశా, తిన్నగా ఆగింది. కుడి ముందు డ్రమ్ మాత్రం కాస్త వేడెక్కుతోంది. కొత్త లైనింగ్ కాస్త అరిగి డ్రమ్ముకి సరిగ్గా కూర్చుంటే సర్దుకుంటుందంటాడు మేస్త్రి. నాకైతే వెడ్జ్ కొంచెం వదలాలనే ఉంది.