అమ్మ తెలుగు అర్థమయ్యే స్పీకరు ఉందా?

సత్యనారాయణపురం అబ్బాయి:
మాది విజయవాడ. మా అమ్మకు 78 ఏళ్లు. కంటి శుక్లాల ఆపరేషన్ అయినా ఫోనులో అక్షరాలు ఆనవు. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో భక్తిరంజని వినడం ఏళ్లనాటి అలవాటు. రేడియో మూలపడితే, నోటితో అడిగితే పలికే స్పీకరు కొన్నాను. వంటింటి గూట్లో, ఆవకాయ జాడీ పక్కన పెట్టాను.

పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుందని ఎన్నిసార్లు చెప్పినా, అమ్మ దాన్ని పలకరించే తీరు వేరు: "అమ్మాయీ, కాస్త త్యాగరాజ కీర్తన ఒకటి పెట్టమ్మా." అది ఉలకదు, పలకదు. నిన్న ఎలాగో పేరు గుర్తుచేసుకుని పిలిచింది, మిగతాది తెలుగులో అడిగింది. అది ఇంగ్లీషులో ఏదో ఊరి వాతావరణం చెప్పింది. "పాపం, చెవుడేమోరా" అంది అమ్మ.

తెలుగు తెలిసిన స్పీకరు ఏదైనా ఉందా? ఇంకొకటి, మేం మాట్లాడుకునేదంతా అది వింటూ ఉంటుందా? మా ఇంట్లో తగాదాలన్నీ వంటింట్లోనే.

బ్రాడీపేట మాస్టారు:
స్పీకరు మార్చి లాభం లేదండీ. ఇలా పలికే స్పీకర్లలో అమెజాన్ వారి ఎకో మన దేశానికి 2017లో వచ్చింది, గూగుల్ హోమ్ 2018లో. ఎకోలో పలికే అలెక్సా హిందీ నేర్చింది 2019లో. నేను చూసినంతవరకు వీటితో మాటామంతీ ఇంగ్లీషు, హిందీలలోనే. తెలుగులో అడగాలంటే ఫోనులో గూగుల్‌ను అడగడం నయం.

మా నాన్నగారికైతే అడిగే పనే లేకుండా చేశాను. ఫోనులో స్పీకరు యాప్‌లో రొటీన్ అని ఉంటుంది. అందులో వేళ పెట్టాను. ఉదయం అయిదున్నరకు భక్తిగీతాలు వాటంతటవే మొదలవుతాయి. భక్తిరంజనే కావాలంటే ఆకాశవాణి వినిపించే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం ఉంది, ఫోను నుంచి బ్లూటూత్‌తో స్పీకరుకు కలపండి. కరెంటు పోతే మాత్రం స్పీకరు, వైఫై రూటరు రెండూ పోతాయి. మా గుంటూరు ఎండల్లో ఆ బాధ పడలేక రెండింటినీ ఇన్వర్టరు లైనుకు కలిపించాను.

గవర్నరుపేట లక్ష్మి:
తగాదాల సంగతి నేను చెబుతాను, మాదీ ఉమ్మడి కుటుంబమే. వినడం వేరు, పంపడం వేరు. తన పేరు వినబడిందా లేదా అన్నది స్పీకరు తన లోపలే చూసుకుంటుంది. పేరు పట్టుకున్నాకే ఆపై మాటలు ఇంటర్నెట్టులో కంపెనీ సర్వర్లకు వెళతాయి. ఎకోలో అప్పుడు నీలం లైటు వెలుగుతుంది. చిక్కల్లా టీవీ సీరియల్‌లో ఆ పేరులాంటి మాట వచ్చినా అది మేలుకోవడమే. యాప్‌లో వాయిస్ హిస్టరీ తెరవండి. ఏమేం వెళ్లాయో మీరే వినవచ్చు, చెరిపేయవచ్చు.

మైకు ఆపే బొత్తాం కూడా ఉంది, నొక్కితే ఎర్ర లైటు వస్తుంది. తగాదాకు ముందు నొక్కాలని ఎవరికి గుర్తుంటుంది? మాస్టారు చెప్పినట్టు వేళ పెట్టుకుంటే మైకుతో పనే లేదు, ఎప్పుడూ ఆపే ఉంచండి.

సత్యనారాయణపురం అబ్బాయి:
ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రి వేళ పెట్టి, మైకు ఆపేశాను. పొద్దున అయిదున్నరకు పాట మొదలయ్యేసరికి అమ్మ కాఫీ డికాషన్ దించుతోంది. "ఇవాళ అడగకుండానే పెట్టిందే!" అని మురిసిపోయింది. ఆరున్నరకు ఆగిపోగానే "ఇంకొక్కటి పెట్టమ్మా" అని బతిమాలింది. బదులు లేదు. ఇప్పుడు ఆ ఎర్ర లైటు చూసి, దానికి కోపం వచ్చిందేమో కనుక్కోమంటోంది.