పరిశోధన వల్ల రాబడి పెరుగుతూనే కర్బన ఉద్గారాలు తగ్గుతాయా? డెల్టా వరి సాక్షిగా ఒక చర్చ

దాళ్వా లెక్క:

పరిశోధనకు డబ్బు పెడితే రాబడి పెరుగుతుంది, కర్బన ఉద్గారాలు కూడా తగ్గుతాయి అన్న మాటను మొన్న ఒక మిత్రులు పట్నం వాళ్ల సౌర ఫలకల కబురుగా తీసిపారేశారు. నా మటుకు ఆ మాటకు మన గోదావరి డెల్టాయే సాక్ష్యం చెబుతుంది. మార్టేరులో 1925లో మొదలైన వరి పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణను, అంటే ఎంటీయూ 7029ను ఇచ్చింది. అది మన సరిహద్దులు దాటి ఒడిశాకు, బెంగాల్‌కు పాకిపోయింది. 2018లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న పాల్ రోమర్ చెప్పింది కూడా ఇలాంటి సంగతే. గింజ ఒకరు తింటే ఇంకొకరికి దక్కదు గాని, ఆ గింజను రూపొందించిన తెలివి ఎంతమంది వాడుకున్నా తరగదు, కాబట్టి ఒకచోట పెట్టిన ఖర్చు వందచోట్ల రాబడి అవుతుంది.

ఇక కర్బనం సంగతి. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే బుడబుడమని పైకి వచ్చే బుడగలు మనందరం చూసినవే. నీళ్లు నిలిచిన బురదలో గాలి ఆడక, ఆమ్లజని లేనిచోట బతికే సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. అందులో ఎక్కువ భాగం బుడగలుగా కాక వరి దుబ్బుల్లోని సన్నటి గాలి గొట్టాల గుండా పైకి పోతుంది. వందేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. స్వర్ణ 145 నుంచి 150 రోజుల పంట అయితే, తరువాత అదే మార్టేరు ఇచ్చిన కాటన్ దొర సన్నాలు 120 రోజులకే కోతకు వస్తాయి. రైతు దాన్ని ఎంచుకున్నది కర్బనం కోసం కాదు, కాలువలకు నీళ్లు ఆపేసేలోగా దాళ్వా, అంటే రెండో పంట, ఒడ్డెక్కుతుందని. అయినా పంటకాలంలో తగ్గిన ప్రతి వారమూ మడిలో నీళ్లు నిలిచే కాలంలో తగ్గినట్టే కదా.

చెరువు గట్టు:

మీరు వరి దగ్గరే ఆగిపోయారు, భీమవరం వైపు వచ్చి చెరువులు చూడండి. 2009లో మన దేశంలోకి అనుమతించిన వనామీ రొయ్య కూడా పరిశోధన ఇచ్చిన వరమే, రోగక్రిములు లేని తల్లి రొయ్యలను తయారు చేయడం నేర్చుకున్నాకే ఆ సాగు ఇంతగా పెరిగింది. రాబడి వచ్చిన మాట నిజం, మా ఇంటికీ వచ్చింది. అయితే ఒకే చెరువులో ఎక్కువ రొయ్య పిల్లను వదిలాక తెల్లవారుజామున నీటిలో ఆమ్లజని పడిపోతుంది కాబట్టి రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగవలసిందే, కరెంటు పోతే ఐదు నిమిషాల్లో డీజిల్ జనరేటర్ వేయవలసిందే. దేశంలో పుట్టే విద్యుత్తులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. ఆవిరి యంత్రం మెరుగైతే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఇంగ్లండు ఆర్థికశాస్త్రవేత్త జెవన్స్ 1865లోనే చెప్పాడు. పరిశోధన ఖర్చును తగ్గిస్తుంది, ఖర్చు తగ్గిన వస్తువును మనం ఇంకా ఎక్కువ వాడతాం. ఇందులో ఉద్గారాలు తగ్గడం ఎక్కడుంది?

శివారు మడి:

నేను చదువుకున్నది తక్కువ. పైపు పద్ధతి మంచిదని మాకూ చెప్పారు. చిల్లుల గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలట. నా పొలం కాలువ చివర ఉంది. మొన్నటి దాళ్వాలో వంతు ప్రకారం రావలసిన నీళ్లు ఆరు రోజులు ఆలస్యంగా వచ్చాయి. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనివాడు మడిని ఆరబెట్టుకుంటాడా అండీ? వచ్చినప్పుడే గట్టు నిండా పెట్టుకుంటాడు.

దాళ్వా లెక్క:

శివారు మడి గారి ప్రశ్న ముందు జెవన్స్ గారి ప్రశ్న చిన్నదే అనిపిస్తోంది నాకు. మడిని మధ్యమధ్య ఆరబెట్టి తడిపితే మీథేన్ సుమారు 30 నుంచి 50 శాతం తగ్గుతుందని, దిగుబడి దాదాపు అలాగే ఉంటుందని పరిశోధన తేల్చి చాలా కాలమైంది. అయినా మన దగ్గర ఎందుకు పాకలేదు? నీటి తీరువా ఎకరం లెక్కన కడతాం, ఎన్ని నీళ్లు వాడామన్న లెక్కన కాదు. నీళ్లు ఆదా చేసినవాడికి పైసా మిగలదు, పైగా భయం మిగులుతుంది. రోమర్‌తో పాటే నోబెల్ అందుకున్న నార్డ్‌హౌస్, ఉద్గారాలు వదిలేవాడే ఖర్చు భరించేలా కర్బనానికి ధర కట్టాలన్నది ఇందుకే. వియత్నాం 2023లో మెకాంగ్ డెల్టాలో 10 లక్షల హెక్టార్లలో తక్కువ ఉద్గారాల వరి పండించే పథకం మొదలుపెట్టింది. అదీ మనలాంటి డెల్టాయే.

చెరువు గట్టు గారు ఒకటి గమనించాలి. బ్రిటన్‌లో 1990 తరువాత ఆర్థిక వ్యవస్థ ఎంతో పెరిగినా ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాయి. వస్తువుల తయారీ బయటి దేశాలకు పోవడం అందులో కొంత కారణమే గాని, బొగ్గు విద్యుత్తును వదిలేయడం పెద్ద కారణం. సౌర విద్యుత్తు ఖర్చు 2010 నుంచి 2020 లోపు సుమారు 85 శాతం తగ్గింది. మీ ఏరియేటర్ అదే ఏరియేటర్, దాన్ని తిప్పే కరెంటు మారితే మీ రొయ్య లెక్క కూడా మారుతుంది.

చెరువు గట్టు:

రాత్రిపూట సూర్యుడు ఉండడని గుర్తు చేయనివ్వండి, ఏరియేటర్లకు పని పడేది ఆ వేళకే. బ్యాటరీలు అగ్గువైతే మీ మాట ఒప్పుకుంటాను. మరో సంగతి, మడిని ఆరబెడితే మీథేన్ తగ్గుతుంది గాని, వేసిన యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. మొత్తం మీద లాభమే అయినా, ఎరువు వేసే పద్ధతి మార్చకుండా ఆ లాభాన్ని పూర్తిగా లెక్కలో రాసుకోకూడదు. దీనికి కూడా పరిశోధనే కావాలంటారు, తెలుసు. జాతీయాదాయంలో 0.64 శాతం పరిశోధనకు పెట్టే దేశంలో ఎవరు చేస్తారో చెప్పండి.

దాళ్వా లెక్క:

యూరియా విషయంలో మీదే నిజం, నేను దాన్ని వదిలేశాను. సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, ఈ పైపు పనికిరాదని కూడా నేనే చెప్పవలసింది. వానలకు మురుగు కాలువలు పొంగి పొలాలే మునిగి ఉండే నెలల్లో మడిని ఆరబెట్టడం ఎవరి చేతిలోనూ లేదు. దాళ్వా వరకే నా వాదన.

శివారు మడి:

వచ్చే దాళ్వాకు బోదె (పిల్ల కాలువ) తూము పక్కన ఉన్న అర ఎకరంలో పైపు పాతి చూస్తాను. తూముకు దూరంగా ఉన్న మడికి మాత్రం గట్టు నిండానే నీళ్లు పెట్టుకుంటాను.