వాషింగ్ మెషిన్ రిపేర్‌కి యాడ్ పెడితే ఎవరెవరో ఫోన్ చేస్తున్నారు. కీవర్డ్స్ ఎలా ఎంచుకోవాలి?

స్క్రూడ్రైవర్:
18 ఏళ్లుగా వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు రిపేర్ చేస్తున్నాను. మోత విని బేరింగ్ పోయిందో బెల్టు జారిందో చెప్పగలను గానీ ఈ యాడ్స్ సంగతి మాత్రం అంతుపట్టడం లేదు. మూడు వారాల క్రితం మా మేనల్లుడు గూగుల్ యాడ్స్‌లో అకౌంట్ తెరిచి ఐదు కీవర్డ్స్ పెట్టాడు (జనం గూగుల్‌లో ఈ మాటలు వెతికితే నా యాడ్ కనిపిస్తుందట): వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, రిపేర్, మెకానిక్, సర్వీస్.

ఫోన్లకేం కొదవ లేదు. ఒకాయన ఫ్రంట్ లోడ్ కొనాలా టాప్ లోడ్ కొనాలా అని పది నిమిషాలు అడిగి, థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఒకావిడ నేను కంపెనీ మనిషిననుకుని వారంటీ గురించి చెడామడా తిట్టింది. ఒక కుర్రాడు పని నేర్పుతారా అన్నాడు. ఇంకొకాయన బైక్ స్టార్ట్ అవడం లేదు, రమ్మన్నాడు! పుస్తకంలో రాసుకున్నాను: 31 కాల్స్, నాకు పని దొరికింది 4. క్లిక్కు క్లిక్కుకీ డబ్బు పోతోంది. మేనల్లుడేమో ఇంకా ఎక్కువ కీవర్డ్స్ పెడదాం మామయ్యా అంటాడు. ఎక్కువ పెట్టాలా, తక్కువ పెట్టాలా?

చెదల మందు:
అన్నా, నాది పురుగుల మందు కొట్టే పని. మొదట్లో నాకూ ఇదే గొడవ. ఎక్కువా తక్కువా అన్నది కాదు, మీవి ఒంటి మాటలు, అదీ చిక్కు. "వాషింగ్ మెషిన్" అని వెతికేవాడు ఎవడైనా కావచ్చు. "వాషింగ్ మెషిన్ రిపేర్ నియర్ మీ" అని కొట్టేవాడి ఇంట్లో బట్టలు నానుతున్నాయి. కీవర్డ్‌లో వస్తువు పేరూ ఉండాలి, చేయించుకోవాల్సిన పనీ ఉండాలి.

ఇంకొకటి. ఏ గుర్తూ లేకుండా కీవర్డ్ రాస్తే గూగుల్ దాన్ని బ్రాడ్ మ్యాచ్ కింద తీసుకుంటుంది, అంటే దానికి సంబంధం ఉందనిపించిన ప్రతి వెతుకులాటకీ మీ యాడ్ చూపిస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్, అంటే ఆ మాటల అర్థం ఇమిడి ఉన్న వెతుకులాటలకే చూపిస్తుంది. చదరపు బ్రాకెట్లలో రాస్తే ఎగ్జాక్ట్, అన్నిటికన్నా బిగువు. పేరుకి ఎగ్జాక్టే గానీ అదే అర్థం వచ్చే వేరే మాటలకీ చూపిస్తుంది. బడ్జెట్ చిన్నదైతే ఫ్రేజ్‌తో మొదలుపెట్టండి.

మాటలు ఎక్కడ దొరుకుతాయంటే, మీ ఫోన్లోనే. నేను ఒక నోట్‌బుక్ పెట్టి, కాల్ చేసినవాళ్లు అన్న మొదటి వాక్యం వాళ్ల మాటల్లోనే రాసేవాణ్ణి. మనం పెస్ట్ కంట్రోల్ అనుకుంటాం, వాళ్లు "తలుపు చెక్క పొడిపొడిగా రాలుతోంది" అంటారు. అవన్నీ కీవర్డ్సే.

లెక్కలపిచ్చి:
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. నేను చిన్న వ్యాపారాల యాడ్ అకౌంట్లు చూస్తుంటాను. చెదలకి మందు సొంతంగా కొట్టుకునేవాళ్లు తక్కువేమో గానీ, వాషింగ్ మెషిన్‌లో నీళ్లు పోవడం లేదని వెతికేవాళ్లలో చాలామంది ఫిల్టర్ తామే విప్పుకుందామని చూస్తున్నవాళ్లు. ఎర్రర్ కోడ్ కొట్టి వెతికేవాళ్లయితే మరీను. అలాంటి సమస్యల మాటల్ని విడిగా ఒక యాడ్ గ్రూప్‌లో (కొన్ని కీవర్డ్స్, వాటి యాడ్స్ కలిపి ఉంచే విభాగం) పెట్టి, కొద్ది రోజులు చూసి, కాల్స్ రాకపోతే ఆపేయండి. రిపేర్ మాటలతో కలపొద్దు.

గురువు గారూ, ముందు సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరవండి. కీవర్డ్ అంటే మీరు రాసింది, సెర్చ్ టర్మ్ అంటే జనం కొట్టింది. డబ్బు పోయేది రెండోదాని మీద. 2020 నుంచి గూగుల్ తక్కువమంది వెతికినవాటిని అందులో చూపించడం మానేసింది, అయినా మీ బైకు ఆయన ఎలా వచ్చాడో తెలుస్తుంది.

అక్కడ కనిపించే పనికిరాని మాటల్ని నెగటివ్ కీవర్డ్స్‌గా చేర్చండి, ఆ మాటలున్న వెతుకులాటకి మీ యాడ్ రాదు: జాబ్, కోర్స్, బైక్, టోల్ ఫ్రీ. నెగటివ్ దగ్గర గూగుల్ మొండిది. "జాబ్" అని ఆపితే "జాబ్స్" ఆగదు, రెండూ రాయాలి. స్పెల్లింగ్ తప్పుల్ని మాత్రం 2024 నుంచి అదే చూసుకుంటోంది. అందరూ పడే గుంట ఒకటుంది: కొనేవాళ్ల మీద కోపంతో "ప్రైస్" అన్న ఒక్క మాటనే నెగటివ్ చేస్తారు. అప్పుడు "వాషింగ్ మెషిన్ రిపేర్ ప్రైస్" అని వెతికే అసలు కస్టమర్ కూడా పోతాడు. బయటికి పంపాల్సింది "న్యూ", "బై", "ఆఫర్" లాంటివాటిని.

కంపెనీ పేర్లు కీవర్డ్‌గా పెట్టకండి. గూగుల్ అడ్డుచెప్పదు గానీ, వాళ్లు వెతికేది కంపెనీ కస్టమర్ కేర్ నంబరు. తిట్లు మీకు, క్లిక్ ఖర్చూ మీకే.

స్క్రూడ్రైవర్:
రిపోర్ట్ చూశాం. "మెకానిక్ నియర్ మీ" 22 సార్లు! బైకులు, కార్లు, ఒక జనరేటర్ కూడా. ఆ ఒంటి మాట తీసేశాం. ఇంకో విచిత్రం, నేను వెళ్లలేని ఊళ్లనుంచి కూడా క్లిక్కులున్నాయి. నా ఏరియా మాత్రమే పెట్టానని మేనల్లుడు ఒట్టేస్తున్నాడు. ఏరియా పేర్లు కూడా కీవర్డ్స్‌లో కలిపితే సరిపోతుందా?

లెక్కలపిచ్చి:
మీ మేనల్లుడు నిజమే చెబుతున్నాడు. లొకేషన్ ఆప్షన్స్‌లో మొదట్నుంచీ "ప్రెజెన్స్ ఆర్ ఇంట్రెస్ట్" అని ఉంటుంది. ఆ ఏరియా మీద ఆసక్తి చూపినవాళ్లు ఎక్కడున్నా యాడ్ కనిపిస్తుంది. దాన్ని "ప్రెజెన్స్" ఒక్కదానికే, అంటే ఆ ఏరియాలో ఉండేవాళ్లకే, మార్చండి. చిన్న చిన్న పేటల పేర్లు కీవర్డ్స్‌లో పెడితే చాలావాటికి "లో సెర్చ్ వాల్యూమ్" (వెతికేవాళ్లు తక్కువ) అని వచ్చి పడుకుంటాయి. మీరు బండి మీద వెళ్లగలిగినంత దూరం చుట్టూ రేడియస్ గీయడం మేలు.

చెదల మందు:
డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్ కూడా తీసేయండన్నా, అది వేరే సైట్లలో, ఆప్‌లలో యాడ్ చూపించేది. నాకు గేముల ఆప్‌లలోంచి క్లిక్కులొచ్చేవి.

స్క్రూడ్రైవర్:
అన్నీ మార్చి తొమ్మిది రోజులైంది. కాల్స్ తగ్గాయి, 11 వచ్చాయి. అందులో 5 పనులయ్యాయి, ఇంకొకటి రేపు వెళ్లాలి. సమస్యల గ్రూప్‌లో లెక్కలపిచ్చి గారు చెప్పినట్టే ఎర్రర్ కోడ్‌లకి ఒక్క ఫోనూ లేదు, ఆపేశాం. "డ్రమ్ తిరగడం లేదు" మాత్రం రెండు పనులు తెచ్చింది. అది ఎవరూ ఇంట్లో విప్పుకోరు కదా.

నోట్‌బుక్ కూడా పెట్టాను. మొదటి పేజీలో ఒక పెద్దావిడ మాట ఉంది: "లోపల ఎవరో రాళ్లు దంచుతున్నట్టుంది బాబూ." దీన్ని కీవర్డ్ చేయొచ్చా?

చెదల మందు:
అలా ఎవరూ టైప్ చేయరు. కానీ యాడ్ హెడ్‌లైన్‌కి బ్రహ్మాండం. 30 అక్షరాలే పడతాయి, చూసుకోండి.

స్క్రూడ్రైవర్:
"మెషిన్ రాళ్లు దంచుతోందా?" పట్టింది.