ఫైబర్ పడవ వెనుక పలకను ఇంట్లోనే బలపరచడం ఎలా?

నమస్కారం. మా బాబాయి నాకు ఇచ్చిన 14 అడుగుల ఫైబర్ పడవ ఇప్పుడు కూకట్‌పల్లిలోని మా ఇంటి షెడ్డులో ఉంది. ట్రాన్సమ్ అని పిలిచే వెనుక పలక మీద 15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు ఉండేది. దాన్ని విప్పగానే కింది బోల్టు రంధ్రం నుంచి డికాక్షన్ రంగు నీరు కారింది, స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లోపలి ప్లైవుడ్ నానిన అట్టలా పొరలుపొరలుగా ఊడి వచ్చింది. సుత్తి పిడితో తట్టి చూస్తే పైభాగం గట్టిగానే పలుకుతోంది గానీ, కింద జానెడు మేర డొల్లగా మోగుతోంది.

బయట అల్యూమినియం ప్లేటు బిగిస్తే చాలునని ఒక మెకానిక్ చెప్పారు. మోటారు తోపు, బరువు రెండూ ఈ పలక మీదే పడతాయి కనుక, కుళ్లిన చెక్కను లోపలే వదిలేయడానికి నా మనసు ఒప్పడం లేదు. అందుకే లోపలి వైపు ఫైబర్ పొరను కోసి, పాత చెక్కను పూర్తిగా తీసేసి, ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలకలు మూడింటిని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో అతికించి, మూలలను గుండ్రంగా నింపి, పైన నేసిన గ్లాస్ బట్ట పరచాలని అనుకుంటున్నాను. మామూలు గ్లాస్ మ్యాట్‌లో పోగులను కలిపి ఉంచే బైండరు సాధారణంగా పాలియెస్టర్ రెజిన్‌లోనే బాగా కరుగుతుంది కాబట్టి దాన్ని వద్దనుకున్నాను.

ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి: ఆ బట్టను పక్క గోడల మీదికి ఎంత దూరం తీసుకువెళ్లాలి? పలకను పడవ అడుగుకు కలిపే మోకాలి ఆకారపు ఆసరాలు ఈ మోటారుకు తప్పనిసరా? బోల్టు రంధ్రాలను పెద్దవి చేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక తిరిగి తొలిస్తే నీరు చెక్కకు చేరకుండా ఉంటుందా? హైదరాబాద్‌లో వానాకాలపు తేమ తగ్గేదాకా ఆగడం మేలా, లేక షెడ్డులో హీటరు పెట్టి ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?