తిరుపతిలో నీడ గడియారం: గంటల గీతలు ఇరుకైపోతున్నాయి, సలహా చెప్పండి

తిరుపతిలో మా బడి ఆవరణలో రెండు మీటర్ల వ్యాసార్ధంతో నీడ గడియారం గీయాలని పిల్లలతో కలిసి పూనుకున్నాను. పొద్దున, సాయంత్రం కర్ర నీడ కొస ఒకే వలయాన్ని తాకిన చోట్లను బట్టి ఉత్తరం గుర్తించాం. ఆ రోజు పిల్లల సంబరం చూడాలి!

చిక్కు తర్వాత వచ్చింది. మన అక్షాంశం దాదాపు 13.6 డిగ్రీలు, నీడనిచ్చే పలక అంచు నేలకు అంతే వాలుగా ఉండాలి. దాంతో పన్నెండు, ఒంటిగంట గీతల మధ్య 3.6 డిగ్రీలే వస్తోంది. సుద్దతో గీస్తే వలయం అంచున కూడా జానెడు ఎడం లేదు. అయిదు, ఆరు గంటల మధ్య మాత్రం దాదాపు 49 డిగ్రీలు.

జైపూర్ జంతర్ మంతర్‌లోని పెద్ద నీడ గడియారం సమ్రాట్ యంత్రంలా నీడ పడే చోట వంపు పలక కడితే గంటకు 15 డిగ్రీలు సమానంగా వస్తాయి. ఆ వంపు తేడా రాకుండా మేస్త్రీతో ఎలా కట్టించాలి? మన ఊరి సూర్యుడి సమయానికీ భారత కాలమానానికీ మధ్య వచ్చే 12 నిమిషాల తేడాను గీతల్లోనే కలపాలా, పక్కన రాయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.