జిజియా రద్దు 1564లోనా, 1579లోనా? అక్బరు సహనం ఎప్పుడు మొదలైనట్టు?

రాతిమెట్లు:
ముస్లిమేతరుల మీద వేసే పన్ను జిజియాను అక్బరు ఎత్తేసింది 1564లో అని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. అదే కొలువులోని మరో చరిత్రకారుడు బదాయూనీ ఈ రద్దును 1579 కింద పెట్టాడు. మధ్యలో పదిహేనేళ్లు. 1564 అయితే ఇరవై దాటిన కుర్రవాడు, ఉలేమా (ఇస్లాం మతపండితుల) మాట బాగా చెల్లుతున్న రోజుల్లో తెగించి చేసిన పని. 1579 అయితే మహజర్ అనే పత్రం మీద సంతకాలు పెట్టించుకుని, ఉలేమా భిన్నాభిప్రాయాల్లో తన తీర్పే చెల్లేలా చేసుకున్న ఏడాది పని. నేను 1579 వైపు. అబుల్ ఫజల్ కొలువులో చేరిందే 1574లో. అక్బర్‌నామా (అక్బరు ఏలుబడి చరిత్ర) రాసే పని అప్పగించేసరికి 1589. వృద్ధాప్యపు పాదుషా గుణాలను యౌవనంలోనే చూపించాల్సిన అవసరం ఆయనకుంది.

కలంకారి:
రాతిమెట్లు గారూ, ఆ తూకంలోనే బదాయూనీనీ తూచండి. ఆయన చేరిందీ 1574లోనే. ఇద్దరికీ మొదట దక్కింది ఇరవై మన్సబే (కొలువు హోదా). ఒకరు ఎక్కడికో ఎదిగారు, ఇంకొకరు మాన్యం తీసుకుని అక్కసుతో మిగిలారు. 1564కి ఇద్దరూ ప్రత్యక్షసాక్షులు కారు. అబుల్ ఫజల్ చేతిలో కనీసం దఫ్తరు కాగితాలున్నాయి.

అసలు సంగతి వేరే ఉంది. 1575 కింద బదాయూనీయే ఒక మాట రాశాడు: హిందువుల మీద జిజియా ఎంత వేయాలో తేల్చమని పెద్ద ఉలేమా అయిన అబ్దున్ నబీకీ మఖ్దూముల్ ముల్క్‌కూ ఆజ్ఞ అయింది, ఫర్మానాలు (పాదుషా ఆజ్ఞాపత్రాలు) నలుదిక్కులా వెళ్లాయి, ఆ ఆజ్ఞ కాస్తా నీటిమీద రాతలా చెరిగిపోయింది. అప్పటిదాకా పన్ను నడుస్తూనే ఉంటే ఎంత వేయాలో 1575లో కొత్తగా తేల్చడం ఎందుకు? అంటే 1564లో ఆగింది, 1575లో మళ్లీ తలెత్తింది, 1579లో ఖాయంగా పోయింది. ఇద్దరి రాతలూ ఇలా కలుస్తాయి.

దస్తావేజు:
ఆ ఫర్మానాలు ఎందుకు నిలబడలేదో కూడా చూడాలి. హనఫీ అనే ఇస్లామిక్ న్యాయ పద్ధతిలో జిజియా తలకి కట్టే పన్ను. ఏడాదికి 12, 24, 48 దిర్హాములని ఆస్తిని బట్టి మూడు అంతస్తులు. ఆడవాళ్లు, పిల్లలు, సంపాదన లేని పేదలు, వికలాంగులు మినహాయింపు. కాబట్టి ఇంటింటికీ వెళ్లి తలలు లెక్కపెట్టాలి, ఎవరు ఏ అంతస్తో తేల్చాలి, మినహాయింపులు రాయాలి. భూమిశిస్తు కచ్చేరీకి ఇది అలవాటు లేని పని. 1679లో ఔరంగజేబు మళ్లీ వేసినప్పుడు దీనికని విడిగా అమీన్లనే అధికారులను పెట్టాల్సి వచ్చింది.

1575లో కచ్చేరీ పరిస్థితి ఏమిటి? జాగీర్లు ఖాలిసాలో (శిస్తు నేరుగా పాదుషా ఖజానాకు వచ్చే భూమిలో) కలిపి, కోటి దాముల (రాగి నాణేల) రాబడికి కరోరీ అనే శిస్తు అధికారి ఒకడి చొప్పున నియమించి, తడిస్తే కుంచించుకుపోయే తాడు తీసేసి ఇనుప కడియాలు బిగించిన వెదురు కొలబద్దతో పొలాలు కొలిపిస్తున్నారు. ఆ హడావిడిలో తలల లెక్క ఎవరు చేస్తారు? ఆజ్ఞ చెరిగిపోవడంలో అక్బరు మనసు మారడం కంటే మనుషుల కొరతే ఎక్కువని నా అంచనా.

బురుజుమీద:
పన్ను తేదీలు పట్టుకుని సహనం కొలుస్తున్నారు. 1568 ఫిబ్రవరిలో రాజపుత్రుల చిత్తోర్ కోట అక్బరు చేతికి చిక్కింది. కోట పట్టుబడ్డాక దాదాపు 30,000 మందిని చంపారని రాసింది అబుల్ ఫజలే, శత్రువులు కాదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కోటలో చేరి సాయపడిన రైతులు. మార్చిలో అజ్మీర్ నుంచి వెలువడిన విజయప్రకటన అయిన ఫత్‌నామా ఆ విజయాన్ని జిహాదుగా, అవిశ్వాసుల మీద గెలుపుగా చాటింది. 1564లోనే సమదృష్టి వచ్చేసిందన్నవాళ్లు ముందు ఈ కాగితానికి జవాబు చెప్పాలి.

దస్తావేజు:
దాచాల్సిన పని లేదు, అది అక్బరు మాటే. కానీ దాని పక్కన మరో కాగితం పెట్టండి. 1565లో అంబర్ రాజపుత్ర రాజు భార్మల్ సిఫార్సు మీద బృందావనంలో ఆలయ అర్చకుడు గోపాల్‌దాస్‌కి 200 బిఘాల భూమి ఇచ్చిన ఫర్మానా. ఇది తర్వాతెప్పుడో రాసిన చరిత్ర కాదు, ఆనాటి దస్తావేజు. 1598 నాటికి మథుర, బృందావనాల్లో 35 ఆలయాలకు కలిపి 1,000 బిఘాలు. అక్బరు నాటి కొలత ఇలాహీ గజాల్లో అరవైకి అరవై ఒక బిఘా, అంటే మొత్తం సుమారు 600 ఎకరాలు.

ఫర్మానా వెలువడటం వేరు, కింద నడవడం వేరు. లాహోర్ పాలించిన హుసేన్ ఖాన్ హిందువులు భుజం మీద గుడ్డముక్క కుట్టుకోవాలని శాసించి ‘టుక్రియా’ (గుడ్డముక్కలవాడు) అని పేరు తెచ్చుకున్నాడు. అదీ అక్బరు ఏలుబడిలోనే.

గోలకొండదారి:
హిందూ మన్సబుదారుల లెక్కను మాత్రం దయచేసి రుజువుగా తేవద్దు, ఇలాంటి చర్చల్లో తప్పకుండా వస్తుంది. చరిత్రకారుడు అథర్ అలీ లెక్కలో 1595 నాటి 98 మంది పెద్ద మన్సబుదారుల్లో హిందువులు 22 మంది. ఔరంగజేబు చివరి దశ, 1679–1707 మధ్య, 575 మందిలో 182. మళ్లీ జిజియా వేసినవాడి దగ్గరే శాతం ఎక్కువ! దక్కన్ యుద్ధంలో మరాఠా సర్దారులను తిప్పుకోవడానికి పంచిన పదవులవి. మన హైదరాబాదు ప్రాంతంలో మొగలు జిజియా మొదలైంది కూడా ఆ కాలంలోనే, 1687లో గోలకొండ పడ్డాక.

రాతిమెట్లు:
కలంకారి గారి 1575 వాదన ఒప్పుకుంటున్నాను. 1564 ఆజ్ఞ కల్పితం అన్న మాట వెనక్కి తీసుకుంటాను. అయితే 1565, 1568, 1575 కాగితాలు మూడూ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది విధానం కాదు, ఊగిసలాట. రాజపుత్రుల స్నేహం కావాల్సినచోట ఒక మాట, ఎదిరించినచోట ఇంకో మాట. నిలకడ వచ్చింది 1580లో బెంగాల్, బీహార్ మొగలు అధికారులు లేవదీసిన తిరుగుబాటు అణిగాకే. మతభ్రష్టుడైన పాదుషాను ఎదిరించమని జౌన్‌పూర్ ఖాజీ ముల్లా యాజ్దీ ఫత్వా ఇచ్చాడు. అదీ ఓడిపోయాక ఇక ఎవరి మొహమూ చూడాల్సిన పని లేకపోయింది.

కలంకారి:
ఆ తిరుగుబాటుకు నిప్పంటించింది ఫత్వా కాదండీ, జీతం. బెంగాల్ సైన్యానికి అక్బరు నూటికి నూరు పెంచిన భత్యాన్ని ఖజానా చూసే దివాను షా మన్సూర్ యాభైకి, బీహార్‌లో యాభైని ఇరవైకి కోశాడు. పైగా గుర్రాలకు దాగ్ ముద్ర కచ్చితం చేశారు. అద్దె గుర్రాలు చూపించి జాగీరు తినే దారి మూసుకుపోయింది. ఫత్వా ఆ కోపానికి కప్పిన దుప్పటి. మీ 1580 మలుపు నిలవాలంటే ఈ రెండింటినీ ముందు విడదీయాలి.